ఆఱు తంతుల పొందిక

గిటారు అను పేరు వినినంతనే పలువురకు స్ఫురించునది చలనచిత్ర సంగీతమున మ్రోగు ఉక్కుతీగల వాద్యము. శాస్త్రీయ గిటారు దానికి దాయాది యైనను స్వభావమున వేఱు. దీనికి నేటి రూపమును దిద్దినవారిలో ముఖ్యుడు స్పెయిను దేశపు శిల్పి అంటోనియో దె టోరెస్ (1817-1892). దీనిని బిళ్ళతో మీటరు. కుడిచేతి వ్రేళ్ళ కొనలతోను గోళ్ళతోను మీటుదురు. ఉన్న ఆఱు తంతులలో మూడు నునుపైనవి, పైస్థాయి స్వరములను పలుకునవి. తక్కిన మూడు లోహపుతీగ చుట్టినవి, మంద్రస్వరములను పలుకునవి. వాద్యకారుడు మంద్రతంతులపై ఆధారస్వరమును, సన్నని తంతులపై పాటను, నడిమి తంతులపై పూరకస్వరములను ఏకకాలమున పలికించును. ఒక్కొక్కప్పుడు పాటయే ఒక తంతి నుండి మఱియొక తంతికి దిగవలసి వచ్చును. అట్టిచోట ఒక తంతి గణగణ మ్రోగి, దాని ప్రక్కది మొద్దుగా పలికినచో, ఒక గాయకుడు పాడుచుండగా నడుమ మఱొకడు అందుకొన్నట్లు తోచును. అందుచే తంతుల ఎంపిక గిటారు విద్యలో చిన్న విషయము కాదు.

తంతి పలుకు స్వరము దాని పొడవు, బిగువు, బరువు అను మూడింటిపై ఆధారపడి యుండును. ఈ సంబంధమును ఫ్రాన్సు దేశపు పండితుడు మెర్సెన్ 1636లో ప్రకటించిన గ్రంథమున వివరించెను. పొడవు తగ్గినను, బిగువు హెచ్చినను స్వరము పైకి పోవును; బరువు హెచ్చినచో క్రిందికి దిగును. గిటారుపై ఆఱు తంతులకును పొడవు ఒక్కటే. అది సామాన్యముగా 650 మిల్లీమీటర్లు. బిగువును తంతితంతికి మిక్కిలిగా మార్చుటకు వీలు లేదు. ఒకటి వదులుగాను, వేఱొకటి బిఱ్ఱుగాను ఉన్నచో వ్రేళ్ళకు వశము కాదు. ఇక మార్చదగినది బరువు మాత్రమే. అన్నిటికంటె సన్నని మొదటి తంతి సెకనునకు 330 పర్యాయములు కంపించును. ఆఱవ తంతి 82 పర్యాయములు కంపించును. అనగా నాలుగవ వంతు. పొడవును బిగువును మార్చక కంపనములను నాలుగవ వంతునకు దింపవలెనన్న తంతి బరువును పదునాఱు రెట్లు పెంచవలయును.

ఆ బరువును లావుతోనే తెచ్చుట సాధ్యమా? మొదటి తంతి నైలానుతో చేసినదై, దాని లావు 0.7 మిల్లీమీటరు అనుకొందము. అదే నైలానుతో ఆఱవ తంతిని చేసినచో దాని లావు 2.8 మిల్లీమీటర్లు కావలెను. అది తంతి వలె గాక కడ్డీ వలె నుండును. బాగుగా వంగని వస్తువు చక్కగా కంపింపదు. మీటినపుడు చప్పుడే గాని నాదము పుట్టదు. ఈ చిక్కును విప్పుటకు మంద్రతంతులను వేఱొక విధముగా చేయుదురు. జుట్టు వంటి సన్నని నైలాను పోగులను కట్టగా చేర్చి, దానిపై వెండిపూత గల రాగితీగను దగ్గఱదగ్గఱగా చుట్టుదురు. లోని పోగుల వలన తంతి సులభముగా వంగును. పైనున్న రాగి వలన దానికి బరువు చేకూరును. ఇట్లు చేసిన ఆఱవ తంతి లావు దాదాపు 1.1 మిల్లీమీటరు మాత్రమే. వీణపై పైస్థాయికి సన్నని ఉక్కుతీగలను, మంద్రమునకు లావైన ఇత్తడి లేక కంచు తీగలను కట్టు తెలుగు వైణికులకు ఈ సమస్య క్రొత్తది కాదు.

నైలాను రాకపూర్వము తంతులు ఎట్లుండెడివి? పై మూడు తంతులను గొఱ్ఱె ప్రేగులను శుభ్రపఱచి, పురిపెట్టి, ఆరబెట్టి చేసెడివారు. మంద్రతంతులను పట్టుపోగులపై లోహపుతీగ చుట్టి చేసెడివారు. ప్రేగుతంతులు మధురముగా పలికినను వాటితో వేగుట కష్టము. గాలిలో తేమ హెచ్చినను తగ్గినను అవి శ్రుతి తప్పెడివి. గోరు తగిలినచోట పోగులు లేచి, కచేరి నడుమనే తెగిపోయెడివి. ఇంతలో రెండవ ప్రపంచయుద్ధము వచ్చెను. గాయములను కుట్టు దారమును సైతము ప్రేగులతోనే చేసెడివారు గనుక ఆ సరుకు వైద్యశాలల పాలయ్యెను. సంగీతజ్ఞులకు మంచి తంతులు దొఱకుట దుర్లభమయ్యెను.

నైలానును అమెరికాలోని డ్యూపాంట్ సంస్థ పరిశోధనశాలలో వాలెస్ కరోథర్స్ 1935లో కనుగొనెను. డెన్మార్కున పుట్టి న్యూయార్కున స్థిరపడిన వాద్యశిల్పి ఆల్బర్ట్ ఆగస్టిన్ ఆ నైలానుతో గిటారు తంతులు చేయుటకు పూనుకొనెను. సుప్రసిద్ధ స్పానిష్ వాద్యకారుడు ఆంద్రే సెగోవియా (1893-1987) వాటిని పరీక్షించి, లోపములు చెప్పుచు, కడకు తన కచేరీలలో వాడెను. 1940ల చివరి నాటికి నైలాను తంతులు విపణిలోనికి వచ్చెను. అవి తెగుట తక్కువ. ఒకే లావున నునుపుగా నుండుట చేత మెట్టుమెట్టునకును స్వరము సరిగా పలికెడిది. కరవు వలన వచ్చిన మార్పు, కరవు తీరిన పిమ్మటను నిలిచిపోయెను.

అయినను నైలాను ఒక క్రొత్త చిక్కును తెచ్చెను. అది మూడవ తంతియందున్నది. నైలాను ప్రేగుకంటె తేలికైనది. కావున అదే స్వరమునకు అంతకంటె లావైన తంతి కావలయును. నునుపైన మూడు తంతులలో మూడవదే మంద్రమైనది గనుక ఈ లావు దానికే ఎక్కువగా తగిలినది. సామాన్యమైన ఒక కట్టను విప్పి కొలిచినచో వింత యొకటి కనబడును. మూడవ తంతి లావు ఒక మిల్లీమీటరు. దానికంటె మంద్రముగా పలుకు నాలుగవ తంతి లావు ముప్పాతిక మిల్లీమీటరే! అంత లావున్నను మూడవ తంతికి తగినంత బరువు లేదు. అందుచే దాని బిగువు మొదటిదానికంటె తక్కువగా నుండును. లావును బిగువు లేమియు కలసి దాని పలుకును మొద్దుబఱచును. రాగి చుట్టిన నాలుగవ తంతియో, మిలమిల మెఱయుచు చిరకాలము మ్రోగును. పాట నాలుగవ తంతి నుండి మూడవదానికి ఎక్కునపుడు వెలుగులోనుండి నీడలోనికి పోయినట్లుండును. ఆఱు తంతుల పొందిక చెడునది సామాన్యముగా ఈ అతుకు కడనే. కట్టలను ఎంచువారు మొట్టమొదట పరీక్షింపవలసినదియు ఇదియే.

ఈ లోపమును సవరించు మార్గములు పెక్కు గలవు. వానిలో విరివిగా వాడుకలో నున్నది కార్బను తంతి. పేరు కార్బను అయినను అది ఫ్లోరిన్ చేరిన యొక ప్లాస్టిక్. చేపలగాలపు దారములకును దానిని వాడుదురు. నైలాను నీటికంటె 1.14 రెట్లు బరువైనది కాగా, ఇది దాదాపు 1.78 రెట్లు బరువైనది. ఈ లెక్క ప్రకారము అదే స్వరమునకు, అదే బిగువునకు కార్బను తంతి ఐదవ వంతు సన్ననైనను చాలును. సన్ననగుట చేత చక్కగా వంగి, తేటగా పలికి, నాలుగవ తంతికి తోడగును. ఐనను ఇది సర్వరోగ నివారిణి కాదు. ఒకటవ, రెండవ తంతులు నైలానువే యై యున్నపుడు కొన్ని గిటార్లపై కార్బను మూడవ తంతి వానిని మించి కఱకుగా వినవచ్చును. అతుకు మూడు నాలుగుల నడుమ నుండి రెండు మూడుల నడుమకు జరుగును, అంతే. పై మూడింటిని కార్బనుతోనే కట్టువారు కలరు. నైలాను యొక్క మెత్తదనమును విడువలేక, మొద్దుదనమునే సహించువారును కలరు. దేవదారు పలక గల వాద్యము, స్ప్రూసు పలక గల వాద్యము ఒకే తంతులకు ఒకే విధముగా పలుకవు. కావున ఒకరి ఎంపిక మఱొకరికి నప్పుననుటకు వీలు లేదు.

బిగువును గూర్చి యొక భ్రమ కలదు. బిగువు హెచ్చిన తంతులు గట్టిగా పలుకునని తలచి కొందఱు అట్టివానినే కోరుదురు. తేలికగా చేసిన గిటారుపై అవి పై పలకను అదిమిపట్టి, నాదమును తగ్గించుటయు కలదు. ఎడమచేతికి శ్రమ అధికమగును. మఱీ వదులైన తంతులు మెట్లకు తగిలి జరజరమనును. సామాన్యముగా ఒక్కొక్క తంతి బిగువు ఐదు మొదలు ఏడు కిలోగ్రాముల వఱకు నుండును. ఆఱింటి భారము కలసి నలువది కిలోగ్రాములకు దాపుగా వచ్చును. ఉక్కుతీగల భారము దీనికి దాదాపు రెండింతలు. తెలియక శాస్త్రీయ గిటారునకు ఉక్కుతీగలు కట్టినచో పై పలక ఉబ్బి, తంతులు కట్టిన చెక్క ఊడిరాగలదు. గిటారు క్రొత్తగా కొన్నవారు ఈ యొక్క విషయమున జాగ్రత్త వహింపవలెను.

తంతులను కట్టిన దినముననే వాని గుణదోషములను నిర్ణయింపరాదు. నైలాను కొన్ని దినములు సాగుచునే యుండును. మంద్రతంతులు మొదట లోహము వలె ఖంగుమని, వారము గడచిన పిదప మెత్తబడును. స్థిరపడిన తరువాత చేయదగిన పరీక్ష సులభమైనది. నాలుగవ తంతిని ఐదవ మెట్టుపై నొక్కి మీటినచో, నొక్కని మూడవ తంతి పలుకు స్వరమే పలుకును. అట్లే మూడవ తంతిని నాలుగవ మెట్టుపై నొక్కినచో రెండవ తంతి స్వరము వచ్చును. ఈ జంటలను ఒకే బలముతో మార్చిమార్చి మీటి, ఏది బిగ్గరగా నున్నది, ఏది ముందుగా ఆఱిపోవుచున్నది అని కన్నులు మూసికొని వినవలయును. స్వరము ఒక్కటే గనుక చెవికి తంతుల భేదమే తెలియును.

పొందిక కుదిరినను చిరకాలము నిలువదు. చెమటయు ధూళియు రాగిచుట్టలలో చేరి మంద్రతంతులను మందగింపజేయును. పై మూడు తంతులు అంత త్వరగా చెడవు. అన్నిటికంటె సన్నని చుట్టు గల నాలుగవ తంతి మెట్ల రాపిడికి ముందుగా అరుగును. అందుచే పలువురు వాద్యకారులు మంద్రతంతులను రెండు పర్యాయములు మార్చి, పైవానిని ఒక్కసారి మార్చుదురు. తంతులు చేయువారు సైతము మూడవ తంతి చిక్కును ఎఱుగుదురు. వారు అమ్ము కట్టలలో కొన్నింట మూడవ తంతిని రెండు విధముల పదార్థములతో చేసి, రెంటిని చేర్చి పెట్టుదురు. కొన్నవారు రెంటిని కట్టి చూచి, తమ గిటారునకు నప్పినదానిని ఉంచుకొందురు.