వండర్‌లా టికెట్ ధర ఎలా తేలుతుంది? డోన్ కుటుంబాలు తెలుసుకోవాల్సిన లెక్క

ఈద్ మరుసటి రోజైనా, దసరా సెలవులైనా, వేసవి అయినా డోన్‌లో పిల్లలు అడిగేది ఒకటే: "హైదరాబాద్ వండర్‌లాకు పోదాం." 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని కర్నూలు, మహబూబ్‌నగర్ వైపు పోతే సుమారు 250 కిలోమీటర్లు. తెల్లవారకముందే బండి మాట్లాడుకుని బయల్దేరి, రాత్రి పొద్దుపోయాక ఇల్లు చేరే కుటుంబాలు ఎన్నో. తిరిగొచ్చాక పెద్దవాళ్లు అనే మాట కూడా ఒకటే: "బాగుంది గానీ, డబ్బులు నీళ్లలా పోయాయి."

ఆ డబ్బు ఎటు పోయింది? పార్కు యజమాని ఎవరనే దాన్ని బట్టి టికెట్, తిండి, క్యూ, భద్రత అన్నీ మారిపోతాయి.

యజమానులు మూడు రకాలు

మన ప్రాంతంలో వినోదం మూడు రకాల చేతుల్లో ఉంది. మొదటిది ఉరుసు, జాతర, సెలవుల ఎగ్జిబిషన్. గ్రౌండ్‌ను ఒక కాంట్రాక్టర్ పట్టుకుంటాడు, ఊరూరు తిరిగే జెయింట్ వీల్, బ్రేక్ డాన్స్ వాళ్లు వచ్చి బిగిస్తారు. నెల తిరిగేసరికి విప్పుకుని వెళ్లిపోతారు. రెండోది ప్రభుత్వం. ఓర్వకల్లు రాక్ గార్డెన్, బెలూం గుహలు పర్యాటక శాఖ కిందివి. టికెట్ తక్కువ, కానీ రైడ్లు ఉండవు. మూడోది కంపెనీ.

కంపెనీ పార్కుల్లో మనకు దగ్గరి ఉదాహరణ వండర్‌లా. కేరళలో వి-గార్డ్ కంపెనీ పెట్టిన కొచ్చౌసెఫ్ చిట్టిలపిళ్లి 2000లో కొచ్చిలో వీగాలాండ్ పేరుతో మొదటి పార్కు తెరిచారు. 2005లో బెంగళూరు, 2016లో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన రావిర్యాల, 2024లో భువనేశ్వర్, 2025 చివర్లో చెన్నై పార్కులు వచ్చాయి. 2014లో వండర్‌లా హాలిడేస్ షేరు ఒక్కోటి 125 రూపాయలకు పబ్లిక్ ఇష్యూకు వచ్చింది. అప్పటి నుంచి షేర్లు కొన్నవాళ్లకు కూడా ఈ కంపెనీ జవాబు చెప్పాలి. టికెట్ కథ ఇక్కడే మొదలవుతుంది.

తలకు ఎంత?

షేర్ మార్కెట్లో ఉన్న కంపెనీ మూడు నెలలకోసారి లెక్కలు బయట పెట్టాలి. పార్కు కంపెనీల లెక్కల్లో అందరూ చూసేవి రెండే అంకెలు. ఎంతమంది వచ్చారు, ఒక్కొక్కరి మీద ఎంత వచ్చింది.

2023-24లో వండర్‌లాకు అప్పుడున్న మూడు పార్కులకు కలిపి సుమారు 32 లక్షల మంది వచ్చారు. ఆదాయం దాదాపు 480 కోట్ల రూపాయలు. భాగిస్తే తలకు సుమారు 1,500. ఐదుగురు ఉన్న కుటుంబానికి 7,500 అన్నమాట. ఇది జీఎస్టీ కలపని లెక్క. బండి కిరాయి, దారిలో టిఫిన్లు అదనం. కూలి పనో, చిన్న దుకాణమో చేసుకునే కుటుంబానికి ఇది నెల సంపాదనలో పెద్ద ముక్క.

రేపు లాభం పెంచాలంటే కంపెనీ ముందు రెండు దారులే ఉంటాయి. ఎక్కువమందిని రప్పించాలి, లేదా వచ్చినవాళ్ల నుంచి ఎక్కువ రాబట్టాలి. పార్కు స్థలం పెరగదు, ఒక రైడ్ గంటకు ఇంతమందినే తిప్పగలదు. అందుకే రెండో దారి సులువు. లాకర్, ఈత బట్టల అద్దె, ఫొటో, తిండి అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి.

ఫాస్ట్‌ట్రాక్ టికెట్ కూడా అంతే. ఎక్కువ డబ్బు కట్టినవాళ్లు వేరే లైన్లో ముందుకు వెళ్తారు. రైడ్‌లో సీట్లు మాత్రం అవే. అంటే వాళ్లకు మిగిలిన సమయం మామూలు లైన్లో నిల్చున్నవాళ్ల దగ్గర నుంచి వచ్చిందే. జాతరలో జెయింట్ వీల్ దగ్గర ఎవరు ముందొస్తే వాళ్లే ఎక్కుతారు. ఇక్కడ క్యూ కూడా అమ్మకానికి ఉన్న సరుకే.

మామూలు రోజుల్లో ధర ఎందుకు తగ్గుతుంది?

రైడ్ ఇద్దరితో తిరిగినా ఇరవై మందితో తిరిగినా కరెంటు, సిబ్బంది జీతాలు, మెయింటెనెన్స్ ఖర్చు దాదాపు ఒకటే. దీన్నే కామర్స్‌లో స్థిర వ్యయం అంటారు. మంగళవారం పార్కు సగం ఖాళీగా ఉంటే ఆ సగం ఖర్చు వృథా. అందుకే మామూలు రోజుల్లో ధర తగ్గిస్తారు, విద్యార్థులకు, ముందుగా ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లకు డిస్కౌంట్ ఇస్తారు. పండగ రోజున ఎలాగూ జనం వస్తారు కాబట్టి ఆ రోజు తగ్గించాల్సిన అవసరం వాళ్లకు లేదు.

పన్ను సంగతి కంపెనీ చేతిలో లేదు. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు పార్కు టికెట్ మీద 28 శాతం వేశారు. 2018 జనవరిలో దాన్ని 18 శాతానికి తగ్గించారు. అయినా 1,000 రూపాయల టికెట్ మీద 180 రూపాయలు పన్నే.

కంపెనీ అయితే లాభం లేదా?

లేదనడం న్యాయం కాదు. ఒకేచోట ఏళ్ల తరబడి నడిచే పార్కుకు పేరు పోతే వ్యాపారం పోతుంది. అందుకే రోజూ తెరిచే ముందు రైడ్లు పరీక్షించడం, నీళ్ల దగ్గర లైఫ్‌గార్డులు, ఎత్తు కొలిచి పిల్లల్ని ఎక్కించడం లాంటి పద్ధతులు అక్కడ ఉంటాయి. రైడ్ల భద్రతకు బీఐఎస్ ప్రమాణాలు ఉన్నాయి. నెలకో ఊళ్లో విప్పి బిగించే జెయింట్ వీల్ విషయంలో వాటిని ఎవరు, ఎంత శ్రద్ధగా చూస్తున్నారన్నదే ప్రశ్న. పోలీసు, ఫైర్, కరెంటు శాఖల అనుమతి కాగితం ఉన్నంత మాత్రాన రోజూ బోల్టు తనిఖీ అయినట్టు కాదు.

అప్పు ముంచితే

కంపెనీ పార్కులన్నీ ఒకలా ఉండవు. ముంబై–పుణె దారిలో ఖోపోలి దగ్గర 2013లో ఇమాజికా మొదలైంది. పెద్ద అప్పుతో కట్టారు. అనుకున్నంత జనం రాలేదు, వడ్డీ పెరిగింది, పైగా కరోనాలో పార్కులు మూతపడ్డాయి. చివరికి 2022లో మాల్పానీ గ్రూప్ చేతికి వెళ్లింది. వండర్‌లా పెద్దగా అప్పులు లేకుండా నడిచింది కాబట్టి అదే కరోనా దెబ్బను తట్టుకుంది.

అమెరికాలో ఇంకా పెద్ద పాఠం ఉంది. ఒహాయో రాష్ట్రంలో గియాగా లేక్ అనే పాత పార్కు వందేళ్లకు పైగా నడిచింది. దాన్ని సిక్స్ ఫ్లాగ్స్ కంపెనీ పెద్దది చేసి, 2004లో సెడార్ ఫెయిర్‌కు అమ్మేసింది. 2007లో నీటి పార్కు తప్ప మిగతా రైడ్లు ఆగిపోయాయి. సెడార్ ఫెయిర్‌కు అదే రాష్ట్రంలో వేరే పెద్ద పార్కు ఉంది. సిక్స్ ఫ్లాగ్స్ 2009లో దివాలా పిటిషన్ వేసింది. 2024లో ఈ రెండు కంపెనీలూ కలిసిపోయాయి. ఊరివాళ్లకు అది చిన్ననాటి జ్ఞాపకం, కంపెనీ పుస్తకంలో మాత్రం ఒక ఆస్తి మాత్రమే.

నుమాయిష్ దారి

ఇంకో పద్ధతి మన దగ్గరే ఉంది. హైదరాబాద్ నుమాయిష్ 1938లో ఉస్మానియా పట్టభద్రుల చొరవతో మొదలైంది. దాన్ని నడిపేది ఎగ్జిబిషన్ సొసైటీ. మిగిలిన డబ్బు షేర్ హోల్డర్లకు కాకుండా విద్యాసంస్థలకు వెళ్తుంది. టికెట్ సామాన్యుడికి అందుతుంది. అయితే మంచి ఉద్దేశం ఒక్కటే భద్రత ఇవ్వదు. 2019 జనవరిలో అక్కడ పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. 2025 జనవరిలో ఒక రైడ్ మధ్యలో ఆగి జనం తలకిందులుగా ఉండిపోయారు.

వెళ్లేముందు ఇవి చూసుకోండి

పండగ రోజు కాకుండా రెండు మూడు రోజులు ఆగి, మామూలు రోజున ఆన్‌లైన్‌లో ముందే టికెట్ తీసుకుంటే ఖర్చు తగ్గుతుంది. వండర్‌లాలో పిల్లల టికెట్ వయసును బట్టి కాదు, ఎత్తును బట్టి. ఇంట్లోనే కొలిచి పోండి. నీటి రైడ్లకు పెద్ద పార్కులు నైలాన్, లైక్రా లాంటి బట్టలే అడుగుతాయి. నూలు చుడీదార్, చీరతో దిగనివ్వరు. ఒళ్లంతా కప్పే ఈత దుస్తులు ముందే తెచ్చుకోకపోతే అమ్మీ, నానీ పూర్తి టికెట్ కట్టి ఒడ్డున కూర్చోవాల్సి వస్తుంది. బయటి తిండి లోపలికి రానివ్వకపోతే హలాల్ సంగతి గేటు దగ్గర కాదు, టికెట్ కొనేముందే ఫోన్ చేసి అడగాలి. బిల్లు దాచుకోండి. అన్యాయం జరిగితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

జనం ఎక్కువ ఉండే పెద్ద నగరాల పక్కనే కంపెనీలు పార్కు కడతాయి. వండర్‌లా ఐదు పార్కుల్లో ఒక్కటీ రాయలసీమలో లేదు. అంటే డోన్ పిల్లల్లో ఎక్కువమందికి ఇంకా కొన్నేళ్లు ఉరుసు గ్రౌండులో తిరిగే జెయింట్ వీలే దిక్కు. 250 కిలోమీటర్ల దూరంలోని పార్కులో బెల్టు బిగించి చూసే శ్రద్ధ మన గ్రౌండులో కూడా ఉండాలని మున్సిపాలిటీనీ, పోలీసులనూ అడగడానికి టికెట్ అక్కర్లేదు.