బూడిద దిబ్బలు: రాక్షసుల చితులా, పశువుల దొడ్లా?

పాలమూరు, అనంతపురం, బళ్ళారి ప్రాంతాల్లో ఊరి శివార్లలో, గుట్టల పక్కన బూడిద దిబ్బలు కనిపిస్తాయి. దక్కన్‌లో ఇలాంటివి వంద పైచిలుకు ఉన్నాయి.

అపోహ: ఇవి పురాణ పురుషుల చితాభస్మం. బళ్ళారి దగ్గరి కుడితిని దిబ్బను భీముడు చంపిన హిడింబాసురుడిదంటారు. హంపి దగ్గర నింబాపురం దిబ్బ దగ్గరే వాలిని దహనం చేశారంటారు.

వాస్తవం: ఇది పశువుల పేడ కాలిన బూడిద. ఆ మాట 19వ శతాబ్దంలోనే భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ అన్నాడు. తిరుగులేని సాక్ష్యం మాత్రం 1957లో ఉట్నూరులో దొరికింది. ఆదిలాబాద్ ఉట్నూరు కాదు, పాలమూరుది. పురావస్తు శాస్త్రవేత్త ఎఫ్.ఆర్. ఆల్చిన్ అక్కడ తవ్విస్తే దుంగలు పాతిన గుంతలు వరుసగా బయటపడ్డాయి. అది దొడ్డి చుట్టూ కట్టిన కంచె. ఇంకా అద్భుతం, పశువుల గిట్టల గుర్తులు అలాగే నిలిచి ఉన్నాయి. పేడ పేరుకోవడం, కాలడం, అదే చోట మళ్ళీ దొడ్డి కట్టడం తరతరాలు సాగింది. ఇన్నిసార్లు కాలడం ప్రమాదం కాదనీ, పండగ మంటల్లాంటి ఆచారమనీ ఆల్చిన్ భావించాడు. నాకూ అదే సబబుగా తోస్తుంది.

అపోహ: దిబ్బల్లోని గాజులాంటి గడ్డలు ఇనుము కరిగించిన కొలిమి చిట్టెం.

వాస్తవం: గడ్డిలో ఉండే సిలికా పేడలోకి చేరుతుంది. తీవ్రమైన వేడికి కరిగి గడ్డ కడుతుంది. ఈ దిబ్బలు చాలావరకు క్రీ.పూ. 3000–1200 మధ్యవి. వాటిని పేర్చినవాళ్ళ చేతుల్లో ఉన్నవి ఇనుప పనిముట్లు కావు, నూరిన రాతి గొడ్డళ్ళు.

అపోహ: వాళ్ళు ఊరూవాడా లేని సంచారులు.

వాస్తవం: కర్ణాటకలోని బూదిహాళ్‌లో దిబ్బ పక్కనే నివాసాలు బయటపడ్డాయి. ఆ కాలపు జనం ఉలవలు, పెసలు, చిరుధాన్యాలు పండించారు. బళ్ళారి దగ్గర కుప్పగల్లు కొండ మీద గొడ్డళ్ళు తయారుచేశారు, రాళ్ళ మీద మూపురం ఎద్దుల బొమ్మలు చెక్కారు. దిబ్బ, కొండ, పొలం కలిపి చూస్తేనే ఆ బతుకు అర్థమవుతుంది. కానీ ఆ కుప్పగల్లు రాళ్ళకు క్వారీల దెబ్బ తగిలింది.

ఇక అన్నిటికన్నా నష్టం చేస్తున్న అపోహ, ఇది ఉత్త బూడిదేనన్నది. ఎరువుగా పొలాలకు తోలుకుపోతే ఏ పొర కింద ఏ పొర ఉందో చెప్పే ఆధారం పోతుంది. గిట్టల గుర్తులు ఆ పొరల మధ్యే ఉన్నాయి.