బొబ్బిలి వీణ: మెట్ల అమరిక

దర్శి ప్రాంతపు భజనల్లో మీరు తంబుర చూసే ఉంటారు. అది శ్రుతి మాత్రమే ఇస్తుంది, దానికి మెట్లుండవు. వీణకు 24 మెట్లు ఉంటాయి. తయారీలో క్లిష్టమైన దశ వాటి అమరికే.

బొబ్బిలి సమీపంలోని గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశీకులు ఒకే పనస దుంగ నుంచి కుండను, దండిని తొలుస్తారు. అతుకులేని దీన్ని ఏకాండి వీణ అంటారు. దండిపై మైనం పరచి, తీగ మీటి వింటూ ఒక్కొక్క మెట్టును నిలుపుతారు. మెట్టు వెంట్రుకవాసి జరిగినా అపస్వరం పలుకుతుంది.

వాడకంలో మెట్లు అరుగుతాయి, మైనం పాడవుతుంది. అప్పుడు మెట్లను మళ్లీ అమర్చాలి. అది తెలిసినవారు లేకపోతే ఎంత మంచి పాత వీణ అయినా అలంకార వస్తువుగానే మిగులుతుంది. భౌగోళిక గుర్తింపు పేరుకు రక్షణ కల్పిస్తుంది. పని నిలవాలంటే నేర్చుకొనేవారు కావాలి.

ఆలోచించండి: మీ ఊరి వాద్యాలను బాగుచేసేవారు ఎవరు? వారి దగ్గర నేర్చుకొంటున్నవారు ఉన్నారా?