కొలతల వెనక కారణం
మనలో మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చినవారికి పీటీసీ కంపెనీ పేరు కొత్త కాదు. సోవియట్ యూనియన్ నుంచి వలస వచ్చిన గణితజ్ఞుడు శామ్యూల్ గైస్‌బర్గ్ 1985లో అమెరికాలోని మాసచూసెట్స్‌లో దీన్ని స్థాపించారు. అప్పట్లో త్రీడీ మోడల్‌లో ఒక్క కొలత మార్చాలన్నా చాలా భాగం మళ్ళీ గీయాల్సి వచ్చేది.

ఈ కంపెనీ తెచ్చిన ప్రో ఇంజనీర్ కొలతల మధ్య సంబంధాలను గుర్తుపెట్టుకుంది. ఇప్పుడు దాని పేరు క్రియో. రంధ్రం పలక మధ్యలో ఉండాలని ఒకసారి చెబితే చాలు. పలక వెడల్పు పెంచినా రంధ్రం దానంతటదే మధ్యకు జరుగుతుంది, డ్రాయింగూ మారుతుంది.

అయితే ఆ సంబంధం ఎందుకు పెట్టారో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. పెట్టిన ఇంజనీరు ఉద్యోగం మారితే, తర్వాత వచ్చినవారు ఒక్క కొలత మార్చగానే మోడల్ మొత్తం ఫెయిల్ కావచ్చు. అందుకే కొత్తవారికి నేను చెప్పేది ఒకటే: కొలతతోపాటు కారణం కూడా రాసిపెట్టండి.