ఎత్తు పెంచిన జీపుకు పెద్ద టైర్ల అమరిక

రాళ్ళు, ఇసుక, బురద నిండిన దారుల్లో నడిపే ఫోర్ వీల్ డ్రైవ్ వాహనాలకు, తయారీ సంస్థ ఇచ్చిన వాటికంటే పెద్ద టైర్లు బిగించడం వాడుకలో ఉన్న మార్పు. ఇందుకోసం ముందుగా స్ప్రింగులు మార్చి వాహనం ఎత్తు పెంచుతారు. అయితే ఎత్తు పెంచినంత మాత్రాన పెద్ద టైరు ఇమిడిపోదు. మలుపు తిప్పినప్పుడు గాని, చక్రం గుంటలో పడి పైకి లేచినప్పుడు గాని టైరు వాహనంలోని ఏదో ఒక భాగానికి ఒరుసుకుంటుంది. అలా ఒరుసుకోకుండా చేయడం ఎలా అన్నదే ఈ వ్యాస విషయం. అమెరికాలో ఈ పనికి ఎక్కువగా వాడే వాహనాల్లో ఒకటైన జీప్ రాంగ్లర్‌ను, అందులోనూ 2007 నుండి 2018 వరకు మోడళ్ళుగా వచ్చిన జేకే తరాన్ని ఇక్కడ ఉదాహరణగా తీసుకున్నాము.

== పెద్ద టైరు ఎందుకు ==

రాంగ్లర్‌కు ముందూ వెనుకా కూడా గట్టి ఇరుసులు ఉంటాయి. అంటే కుడి ఎడమ చక్రాలను కలుపుతూ ఒకే దూలం వంటి ఇరుసు, దాని నడుమ డిఫరెన్షియల్ గుండు ఉంటాయి. నేలకు అతి దగ్గరగా ఉండి రాళ్ళకు తగిలేది ఈ గుండే. స్ప్రింగులు ఎంత పొడవు చేసినా పైకి లేచేది ఛాసిస్, బాడీ మాత్రమే. ఇరుసు ఉన్న చోటనే ఉంటుంది. ఇరుసును పైకి లేపగలిగేది టైరు వ్యాసార్ధం ఒక్కటే. కాబట్టి లిఫ్ట్ అనేది లక్ష్యం కాదు, పెద్ద టైరుకు చోటు చేసే సాధనం. ఈ వరుస తలక్రిందులైనందువల్లనే చాలామంది అవసరానికి మించి ఎత్తు పెంచి, బోల్తా పడే గుణాన్ని కొని తెచ్చుకుంటారు.

== కొలతలు ==

జేకే తరంలోని రూబికాన్ రకానికి కంపెనీ ఇచ్చిన టైరు 255/75ఆర్17. ఇందులో 255 అనేది మిల్లీమీటర్లలో టైరు వెడల్పు, 75 అనేది వెడల్పులో శాతంగా టైరు పక్కగోడ ఎత్తు, 17 అనేది అంగుళాలలో రిమ్ము వ్యాసం. లెక్క కడితే పక్కగోడ 191 మి.మీ., మొత్తం వ్యాసం సుమారు 814 మి.మీ., అంటే 32 అంగుళాలు. దీని స్థానంలో ఎక్కువమంది కోరుకునేది 35 అంగుళాల వ్యాసం, 12.5 అంగుళాల వెడల్పు గల టైరు. దాని వ్యాసం 889 మి.మీ., వెడల్పు సుమారు 318 మి.మీ. ఇవి టైరుపై అచ్చువేసిన అంకెలను బట్టి కట్టిన లెక్కలు. నిజానికి వేర్వేరు కంపెనీల టైర్లు ఒకే అంకె గలవైనా కొద్దిగా తేడాగా ఉంటాయి కనుక టేపుతో కొలుచుకోవడం మంచిది.

వ్యాసంలో తేడా 75 మి.మీ. అయినా ఇరుసు లేచేది అందులో సగం, సుమారు 37 మి.మీ. మాత్రమే. టైరు అంచు మడ్‌గార్డు వైపు జరిగేది కూడా అంతే. వెడల్పులో పెరిగిన 63 మి.మీ. మాత్రం రిమ్ము ఎలా ఉన్నదన్న దానిని బట్టి లోపలికో, బయటికో, రెండు వైపులకో పంచుకోబడుతుంది. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

== ఎక్కడ ఒరుసుకుంటుంది ==

మొదటి చోటు లోపలి వైపు. స్టీరింగును చివరివరకు తిప్పినప్పుడు ముందు టైరు లోపలి అంచు, ఇరుసును ఛాసిస్‌కు కలిపే క్రింది కంట్రోల్ ఆర్మ్‌కు లేదా స్వే బార్‌కు తగులుతుంది. రెండవది చక్రపు గూటిలో ముందు వెనుక భాగాలు: తిప్పిన టైరు బయటి మూల బంపరు చివరకో, గూటి వెనుక ఉన్న బాడీ రేకు అంచుకో తగులుతుంది. మూడవది పైభాగం. చక్రం పూర్తిగా పైకి లేచినప్పుడు మడ్‌గార్డుకు, దాని లోపలి ప్లాస్టిక్ తొడుగుకు ఒరుసుకుంటుంది.

ఇవన్నీ ఒకే తీవ్రత గలవి కావు. వాహనాన్ని నిలిపే చోట నెమ్మదిగా పూర్తి మలుపు తిప్పినప్పుడు టైరు దిమ్మెలు కంట్రోల్ ఆర్మ్‌ను కొద్దిగా గీకితే చప్పుడు తప్ప పెద్ద నష్టం ఉండదు. రేకు అంచు టైరు పక్కగోడను కోయడం అలా కాదు. టైరులో అతి పలుచనైన భాగం పక్కగోడ; అక్కడ తెగితే మామూలు పంక్చరు మాదిరిగా అతుకు వేసి నమ్మడానికి వీలుండదు. బ్రేకు గొట్టానికి తగలడం మరింత ప్రమాదకరం.

== స్ప్రింగు లిఫ్ట్ చేయలేని పని ==

రెండున్నర అంగుళాల లిఫ్ట్ వేస్తే మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య 64 మి.మీ. ఖాళీ పెరుగుతుందని, అది 37 మి.మీ. కంటే ఎక్కువ కనుక సరిపోతుందని అనుకోవడం సహజం. సమతల నేలపై నిలిచి ఉన్నంతసేపు ఇది నిజమే. కాని పెద్ద గుంటలో స్ప్రింగు పూర్తిగా అణగినప్పుడు ఇరుసు పైకి వచ్చి బంప్ స్టాప్ అనే రబ్బరు దిమ్మకు ఆనుకొని ఆగుతుంది. ఆ క్షణాన స్ప్రింగు అసలు పొడవు ఎంత అన్నదానితో సంబంధం లేదు. బంప్ స్టాప్ మారలేదు కనుక ఇరుసు పాత ఎత్తు వరకే, తప్పకుండా ఆ ఎత్తు వరకూ, వస్తుంది. టైరు మాత్రం 37 మి.మీ. పెద్దది. ఆ అదనపు 37 మి.మీ. నేరుగా మడ్‌గార్డు మీదికి పోతుంది.

అందువల్ల లిఫ్ట్‌తో పాటు బంప్ స్టాప్‌ల పొడవు కూడా పెంచాలి. పాత టైరుకు పూర్తిగా అణగిన స్థితిలో 25 మి.మీ. ఖాళీ ఉన్నదనుకుంటే, కొత్త టైరు తగలకుండా ఉండటానికి కనీసం 12 మి.మీ., దానిపై కొంత అదనం అవసరం. ఒక చక్రం మాత్రమే రాయి ఎక్కినప్పుడు ఇంకా ఎక్కువ కావాలి. ఎందుకంటే బంప్ స్టాప్ ఛాసిస్ దగ్గర, టైరు దానికి బయటగా ఉంటాయి. రెండవ వైపు చక్రం క్రిందికి జారుతున్నకొద్దీ ఇరుసు బంప్ స్టాప్‌ను ఆధారంగా చేసుకొని తూగుటుయ్యాల వలె ఒరుగుతుంది. బయట ఉన్న టైరు బంప్ స్టాప్ కంటే పైకి లేస్తుంది.

బాడీ లిఫ్ట్ సంగతి వేరు. ఇందులో ఛాసిస్‌కూ బాడీకీ మధ్య దిమ్మలు పెట్టి బాడీని మాత్రమే ఎత్తుతారు. మడ్‌గార్డు బాడీకి బిగించి ఉంటుంది కనుక, 25 మి.మీ. బాడీ లిఫ్ట్ స్ప్రింగు అణగినా అణగకపోయినా 25 మి.మీ. ఖాళీ ఇస్తుంది. మడ్‌గార్డు అంచును కత్తిరించడం, లేదా ఎత్తుగా ఉండే మడ్‌గార్డు బిగించడం కూడా ఇదే ఫలితాన్ని ఇస్తాయి. పైగా బరువు పైకి పోదు. చూపుకు అందంగా లేకపోయినా, కత్తిరించడమే వీటిలో చవకైన, మేలైన పద్ధతి.

== రిమ్ము ఆఫ్‌సెట్ ==

రిమ్ము వెడల్పు నడిమి గీత నుండి, హబ్బుకు ఆనుకునే తలం ఎంత దూరంలో ఉన్నదో తెలిపే కొలత ఆఫ్‌సెట్. ఆ తలం బయటి వైపు ఉంటే ధనాత్మకం, అప్పుడు టైరు వాహనం లోపలికి పోతుంది. లోపలి వైపు ఉంటే ఋణాత్మకం, టైరు బయటికి వస్తుంది.

రూబికాన్ రిమ్ము వెడల్పు 7.5 అంగుళాలు, ఆఫ్‌సెట్ సుమారు +44 మి.మీ. కంపెనీ టైరు లోపలి అంచు హబ్బు తలం నుండి 44 కు టైరు వెడల్పులో సగం 127.5 కలిపి 171.5 మి.మీ. లోపలికి ఉంటుంది. అదే రిమ్ముకు కొత్త టైరు ఎక్కిస్తే ఈ దూరం 203 మి.మీ. అవుతుంది, అంటే కంట్రోల్ ఆర్మ్‌కు 31 మి.మీ. దగ్గరవుతుంది. ఇది ఒరుసుకోక మానదు. అదీగాక అంత వెడల్పు టైరుకు 7.5 అంగుళాల రిమ్ము ఇరుకు. ఇటువంటి టైర్లకు సాధారణంగా 8.5 అంగుళాలు, అంతకు పైబడిన రిమ్ములను సిఫారసు చేస్తారు. ఆఫ్‌సెట్ +12 మి.మీ. ఉన్న రిమ్ము వాడితే లోపలి అంచు పాత చోటనే నిలుస్తుంది. −6 మి.మీ. అయితే పాతదానికంటే 19 మి.మీ. దూరం జరుగుతుంది.

మరి ఇంకా బయటికి జరిపితే మంచిదే కదా అనిపించవచ్చు. +12 తో టైరు బయటి అంచు పాతదానికంటే 63 మి.మీ., −6 తో 81 మి.మీ. బయటికి వస్తుంది. ముందు చక్రం తిరిగేది స్టీరింగు నకిల్ కీళ్ళ చుట్టూ. ఆ కీళ్ళకు దూరమైనకొద్దీ టైరు మూల పెద్ద చాపం గీస్తూ తిరిగి బంపరుకు, గూటి వెనుక రేకుకు తగులుతుంది. లోపలి రాపిడిని తప్పించబోయి బయటి రాపిడిని తెచ్చుకోవడం ఇదే. దీనితో పాటు బేరింగులు, బాల్ జాయింట్లపై భారం పెరుగుతుంది, గతుకుల్లో స్టీరింగు చేతిని గుంజుతుంది. కాబట్టి లోపల తగలకుండా ఉండటానికి ఎంత అవసరమో అంతే బయటికి జరపాలి. మిగిలిన కొద్దిపాటి రాపిడికి నకిల్ దగ్గరి స్టీరింగు స్టాప్ బోల్టు క్రింద వాషర్లు వేసి, చక్రం తిరిగే కోణాన్ని కాస్త తగ్గిస్తారు. ఇందువల్ల వాహనం తిరగడానికి మరికొంత చోటు కావలసి వస్తుంది.

== ఇరుసు జరగడం ==

ఎత్తు పెంచినప్పుడు ఇరుసు క్రిందికే కాక పక్కకూ వెనక్కూ కూడా జరుగుతుంది. ఇరుసు పక్కలకు ఊగకుండా పట్టి ఉంచే ట్రాక్ బార్ ఒక కొన ఛాసిస్‌కు, మరొక కొన ఇరుసుకు బిగించి ఉంటుంది. ఎత్తు పెరిగితే అది మరింత ఏటవాలై, ఇరుసును తాను ఛాసిస్‌కు బిగిసిన వైపు లాగుతుంది. బార్ పొడవు 800 మి.మీ., అసలు వాలు 100 మి.మీ. అనుకుంటే, 64 మి.మీ. లిఫ్ట్‌కు ఈ జరుగుడు సుమారు 11 మి.మీ. ఒక వైపు టైరు మాత్రమే తగులుతూ ఉంటే ముందుగా అనుమానించవలసినది దీనినే. పొడవు సర్దుకోగల ట్రాక్ బార్ దీనికి పరిష్కారం.

రాంగ్లర్ ముందు ఇరుసు కంట్రోల్ ఆర్మ్‌లు వెనుక వైపు ఛాసిస్‌కు కలుస్తాయి. ఇవి క్రిందికి వాలినకొద్దీ ఇరుసు వెనక్కు పోతుంది, కాస్టర్ కోణం తగ్గి స్టీరింగు నిలకడ కోల్పోతుంది. కొద్దిగా పొడవైన క్రింది ఆర్మ్‌లు వేస్తే రెండూ ఒకేసారి సరిపడతాయి.

== పరీక్ష ==

సమతల నేలపై చుట్టూ చూసి తృప్తిపడరాదు. ఒక ముందు చక్రాన్ని ఏటవాలు దిమ్మపైకి ఎక్కించి, స్ప్రింగు అణగిన ఆ స్థితిలో స్టీరింగును ఒక చివర నుండి మరొక చివరకు నెమ్మదిగా తిప్పాలి. తరువాత రెండవ వైపు. వెనుక చక్రాలకూ ఇదే విధంగా. బండి దిమ్మపై ఉండగా మిగిలిన చక్రాలకు అడ్డు కట్టెలు వేయడం, ఎవరూ దాని క్రిందకు దూరకపోవడం తప్పనిసరి. రాళ్ళలో నడిపేటప్పుడు టైరులో గాలి తగ్గిస్తారు. అప్పుడు పక్కగోడలు ఉబ్బుతాయి కనుక ఆ గాలితో కూడా ఒకసారి చూడాలి. బ్రేకు గొట్టాలు ఎక్కడా బిగుసుకోకుండా ఉన్నాయో లేదో చూడవలసినది కూడా ఇప్పుడే.

== ఇతర ప్రభావాలు ==

టైరు పెద్దదైతే ప్రతి చుట్టుకూ వాహనం ఎక్కువ దూరం పోతుంది. పై ఉదాహరణలో స్పీడోమీటరు 100 చూపినప్పుడు అసలు వేగం 109. దీనిని ఎలక్ట్రానిక్ పరికరంతో సరిచేయవచ్చు. 4.10 ఇరుసు గేరు నిష్పత్తి 3.76 తో సమానమై బండి లాగుడు తగ్గుతుంది. 35 అంగుళాల టైరు ఒక్కొక్కటి సుమారు 30 కిలోలు ఉంటుంది కనుక ఆగే దూరం కూడా పెరుగుతుంది. 2021లో జీప్ సంస్థ తానే 35 అంగుళాల టైర్లతో ఎక్స్‌ట్రీం రీకాన్ ప్యాకేజీని తెచ్చినప్పుడు, ఎత్తు ఒకటిన్నర అంగుళాలు పెంచడంతో పాటు ఇరుసు నిష్పత్తిని 4.56 కు మార్చింది. చిల్లర కొట్టులో టైర్లు మాత్రమే కొని బిగించుకునేవారు ఈ రెండవ పనిని తరచు మరచిపోతారు.

== భారతదేశంలో ==

మన దేశంలో ఈ మోజు ఎక్కువగా మహీంద్రా థార్ చుట్టూ కనిపిస్తుంది. 2020లో వచ్చిన థార్‌కు వెనుక గట్టి ఇరుసు ఉన్నా, ముందు చక్రాలు విడివిడిగా కదిలే ఇండిపెండెంట్ సస్పెన్షన్ పద్ధతిలో ఉంటాయి. ఎత్తు పెంచినకొద్దీ ముందు చక్రాలకు శక్తినందించే షాఫ్టుల సి.వి. జాయింట్లు ఎక్కువ కోణంలో వంగి త్వరగా అరుగుతాయి. అందుచేత రాంగ్లర్ అంకెలను థార్‌కు వాడరాదు.

చట్టం దృష్టిలో కూడా ఇది జాగ్రత్తగా చూడవలసిన విషయం. మోటారు వాహనాల చట్టం, 1988 లోని 52వ సెక్షను ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో కేరళకు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని గట్టిగా సమర్థించింది. ఆ మోడలుకు తయారీదారు అనుమతించిన కొలతలకు లోబడి టైరు మార్చుకోవడం వేరు; ఎత్తు పెంచి, మడ్‌గార్డు దాటే టైర్లతో రోడ్డెక్కడం వేరు. ప్రమాదం జరిగినప్పుడు అటువంటి మార్పులను చూపి బీమా సంస్థ పరిహారానికి అభ్యంతరం చెప్పే అవకాశం కూడా ఉంది.