సోడియం దానకర్ణుడేం కాదు!

టెన్త్‌లో మనందరం విన్న కథే. సోడియం దగ్గర బయటి కక్ష్యలో ఒక ఎలక్ట్రాన్ ఉంది, క్లోరిన్‌కి ఒకటి తక్కువైంది. ఇది ఇచ్చింది, అది పుచ్చుకుంది. రెండింటికీ ఎనిమిదేసి వచ్చాయి, ఉప్పు తయారైంది. మార్కులు గ్యారంటీ! కానీ మొన్న ఇంటర్ చదివే మా చెల్లెలు ఒక డౌటు అడిగింది. "అన్నయ్యా, పరమాణువుకి లెక్కలు రావు కదా, ఎనిమిది మీద అంత మోజెందుకు?"

మంచి ప్రశ్న. ఫోన్లో కాలిక్యులేటర్ తీశాను.

విడివిడిగా ఉన్న ఒక మోల్ సోడియం పరమాణువుల (అంటే 23 గ్రాములు) నుంచి తలా ఒక ఎలక్ట్రాన్ లాగాలంటే 496 కిలోజౌల్స్ ఖర్చవుతుంది. ఇష్టంగా ఇచ్చేయడం లేదు, గుంజుకోవాల్సిందే! వాటిని క్లోరిన్ తీసుకున్నప్పుడు తిరిగొచ్చేది 349. ఇంకా 147 నష్టం. కథ ఇక్కడితో అయిపోతే ఉప్పు పుట్టనే కూడదు.

అసలు లాభం తర్వాత ఉంది. ఎలక్ట్రాన్ పోయిన సోడియం ధనావేశం, వచ్చిన క్లోరిన్ రుణావేశం. రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి. అదీ జంటలుగా కాదు. ఉప్పు రవ్వలో ప్రతి సోడియం చుట్టూ ఆరు క్లోరిన్లు, ప్రతి క్లోరిన్ చుట్టూ ఆరు సోడియంలు. ఇలా పేర్చుకునేటప్పుడు బయటికొచ్చే శక్తి దాదాపు 787 కిలోజౌల్స్. నష్టం పూడిపోగా ఇంకా 640 మిగులు! కలిసుంటే మొత్తం శక్తి తగ్గుతుంది, అందుకే బంధం. ఎనిమిది కోసం కాదు.

హైడ్రోజన్‌నే చూడండి. రెండు పరమాణువులు కలిసినా ఉండేది రెండే ఎలక్ట్రాన్లు. వాటిని రెండు కేంద్రకాలూ లాగుతాయి కాబట్టి శక్తి తగ్గి, 436 కిలోజౌల్స్ బయటికొస్తాయి. అటు జినాన్‌కి ఎనిమిదీ నిండే ఉన్నాయి. అయినా 1962లో కెనడాలో నీల్ బార్ట్‌లెట్ దానితో సమ్మేళనం చేసి చూపించాడు. లూయిస్, కొసెల్ 1916లో చెప్పిన ఎనిమిది సూత్రం బండగుర్తుగా బాగా పనికొస్తుంది, నేనూ వాడతాను. కారణం మాత్రం అది కాదు.

ఇంకో అపోహ కూడా ఉంది, బంధం తెగితే శక్తి వస్తుందని. తిరగేసి చెప్పాలి. తెంచడానికి ఖర్చు, కొత్తది కట్టినప్పుడు రాబడి. స్టవ్ మీద గ్యాస్, గాలి కలిసినా లైటర్ నొక్కేదాకా మంట రాదుగా? పాత బంధాలు తెంచే తొలి ఖర్చు ఆ నిప్పురవ్వదే. తర్వాత కార్బన్ డయాక్సైడ్, నీటి బంధాలు కడుతుంటే వచ్చే వేడే పక్కవాటిని తెంచుకుంటూ పోతుంది, లైటర్‌తో మళ్లీ పనిలేదు. వంటింట్లో గ్యాస్ వాసనొస్తే స్విచ్ ముట్టుకోవద్దనేది ఇందుకే. ఆ తొలి ఖర్చుకి స్విచ్‌లో పుట్టే చిన్న రవ్వ చాలు.