పిడికెడు బియ్యము: ఒక కొండసీమ సేవాధర్మము

‘ముష్టి’ అను మాటకు సంస్కృతమున పిడికిలి అని అర్థము. పిడికిట పట్టునంత ధాన్యము ఇచ్చుట ముష్టి. కాలక్రమమున తెలుగునాట ఆ మాట దిగజారి, గుమ్మము ముందు నిలిచిన వానికి విదిలించు దానికి పేరైనది. తుదకు తిట్టుగా కూడ మారినది. ఇచ్చువాడు ఎక్కువ, పుచ్చుకొనువాడు తక్కువ అను భావము అందులో చేరుటచేతనే దానికి ఈ దుర్గతి పట్టినది. అదే పిడికెడు బియ్యమును మరియొక దృష్టితో చూచిన ప్రజలు మన దేశమునందే కలరు. ఈశాన్యమున మిజోరం రాష్ట్రమందలి ప్రెస్బిటీరియన్ సంఘములలో పిడికెడు బియ్యము ప్రతి ఇల్లాలును తన సంఘసేవకు చెల్లించు వంతు. ఆ ఆచారమును గూర్చియు, దాని చుట్టును అల్లుకొనిన స్వచ్ఛంద సేవలను గూర్చియు కొన్ని విషయములు మనవి చేయదలచితిమి.

మిజోరం చిన్న రాష్ట్రము. 2011వ సంవత్సరపు జనాభా లెక్కల ప్రకారము అచటి జనసంఖ్య సుమారు 10 లక్షల 97 వేలు. అనగా మన జిల్లాలలో అనేకముల కంటె తక్కువ. దేశమంతయు ఏటవాలు కొండలు, లోతైన లోయలు, వెదురు వనములు. ఊళ్ళు కొండ కొమ్ములపై వెలసియుండును. కొండవాలు అడవిని నరికి, కాల్చి, ఆ బూడిదలో విత్తనములు చల్లి పంట తీయు పోడు వ్యవసాయము తరతరములుగా వారి జీవనాధారము. వరి వారి ముఖ్యాహారము. ఆ పంట ఎంత కష్టఫలమో, ఎంత అనిశ్చితమో గుర్తుంచుకొన్నగాని ఈ పిడికెడు విలువ మనకు బోధపడదు.

ప్రెస్బిటీరియన్ అను మాట ‘పెద్ద’ అను అర్థముగల గ్రీకు పదమునుండి వచ్చినది. ఈ శాఖలో ప్రతి స్థానిక సంఘమును పాస్టరుతో కలిసి నడిపించువారు సంఘస్థులు ఎన్నుకొనిన పెద్దలు. కొన్ని స్థానిక సంఘములపై ఒక సభ, ఆ సభలన్నిటిపై సైనాడు అను మహాసభ ఉండును. ఈ పద్ధతి స్కాట్లండున 16వ శతాబ్దమున వేరూనినది. మిజో కొండలకు మాత్రము దీనిని తెచ్చినవారు వేల్సు దేశీయులు. 1841లో వారు చిరపుంజి ప్రాంతమున ఖాసీల నడుమ పని ప్రారంభించిరి, 1897లో డి.ఇ. జోన్సు అను మిషనరీ ఐజ్వాల్ చేరెను. మిజోరంలో ఒక్కొక్క పాస్టరు పెక్కు సంఘములను చూడవలసియుండును. అందుచేత దినదినము జరుగవలసిన పని అంతయు పెద్దలపైనను, సామాన్య సభ్యులపైనను పడినది. జీతము లేని సేవ అక్కడ సంఘమునకు అలంకారముగా గాక ఆధారముగా ఉండుటకు ఇది యొక కారణము.

మరియొక కారణము ఇంతకంటె పురాతనమైనది. మిజోల భాషలో ‘త్లాంఙైహ్న’ అను మాట కలదు. ఒక్క తెలుగు మాటతో దానిని పట్టుట కష్టము. తన కష్టమును లెక్కింపక, అడిగించుకొనక, చెప్పుకొనక పరులకు తోడ్పడుట అని వివరింపవచ్చును. క్రైస్తవము రాకపూర్వమే వారి పల్లెలలో ఈ ధర్మము గౌరవము పొందినది. వేటలోను, యుద్ధములోను, ప్రయాణములోను తోటివానిని విడువని వాడే వారి దృష్టిలో మనిషి. కొత్త మతము ఈ పాత ధర్మమునకు కొత్త పనులను చూపినది.

ఇక పిడికెడు బియ్యము మాట. మిజో భాషలో దీనిని ‘బుహ్‌ఫాయ్ థమ్’ అందురు. ‘బుహ్‌ఫాయ్’ అనగా దంచిన బియ్యము, ‘థమ్’ అనగా పిడికెడు. 20వ శతాబ్దపు తొలి దశకములలో మిజో క్రైస్తవ స్త్రీలు దీనిని ఆరంభించిరి. ఆనాడు స్త్రీల చేతిలో డబ్బు ఆడదు. ఉన్నదెల్ల వంటయిల్లు. కాబట్టి తమ అధీనమున ఉన్న దానినుండియే ఇయ్యసాగిరి. ఎసరు పెట్టి, పూటకు కావలసిన బియ్యము కొలిచిన పిమ్మట, అందుండి ఒక పిడికెడు తీసి వేరొక పాత్రలో వేయుదురు. మిగిలిన బియ్యమే ఆ పూటకు వండుదురు. అదనపు బియ్యము తీసి ఇచ్చుటకును, కొలిచిన దానినుండి తీసి ఇచ్చుటకును భేదము కలదు. మొదటిది మిగులులోనిది. రెండవది తినుదానిలోనిది. ఇంటివారందరు తలకొక ముద్ద తగ్గించుకొనిన గాని ఆ పిడికెడు రాదు.

నిర్ణీతమైన దినమున ఆ పేటలోని స్త్రీల సమాజ సభ్యులు ఇల్లిల్లు తిరిగి ఈ బియ్యమును కూర్చి సంఘమునకు చేర్తురు. ఆ సమాజమునకు ‘కోహ్రాన్ హ్మైచ్చియా’ అని పేరు; సంఘ స్త్రీలు అని అర్థము. వచ్చిన బియ్యమును విక్రయించి సొమ్మును లెక్కకు ఎక్కింతురు. తొలినాళ్ళలో ఈ ఆదాయముతో ఊరూర తిరిగి స్త్రీలకు చదువు, సువార్త చెప్పు ‘బైబిలు స్త్రీల’ను పోషించిరి. తరువాత ఇది సంఘాదాయములో ఒక ముఖ్యభాగమైనది.

పిడికెడు బియ్యముతో ఏమగునని సంశయించువారికి చిన్న లెక్క చూపెదము. పిడికిట 50 గ్రాముల బియ్యము పట్టుననుకొందము. రెండుపూటలకు 100 గ్రాములు. నెలకు మూడు కిలోలు. నూరు గడపల ఊరిలో నెలకు 300 కిలోలు. ఏటికి 36 క్వింటాళ్ళు. ఒక్క ధనికుని 36 క్వింటాళ్ళు అడిగినచో ఆలోచింతునని చెప్పి పంపును. ఇచ్చినను, గోడపై తన పేరు చెక్కింపుమనును. నూరు ఇండ్ల పిడికిళ్ళకు పేరు లేదు. ఇందులో ఒక ఇల్లు ఒక నెల ఇయ్యలేకపోయినను పని ఆగదు; ఒక ఇల్లు గొప్పగా ఇచ్చినను దానికి పెత్తనము రాదు.

ఈ పద్ధతికి నిజమైన పరీక్ష 1960 దశకమున ఎదురైనది. 1966లో ఆ కొండలలో సాయుధ తిరుగుబాటు చెలరేగెను. 1968 నాటికి వేల్సు మిషనరీలు దేశము విడిచిపోయిరి. విదేశ ధనముపై నిలిచిన సంస్థలకు అట్టి సమయమున ఏమి సంభవించునో ఊహింపవచ్చును. మిజో సంఘములు కూలలేదు. అప్పటికే అర్ధశతాబ్దముగా ఇల్లాండ్రు తమ వంటయిండ్లనుండి వాటిని నిలుపుచుండిరి. 1928లో డాక్టరు జాన్ విలియమ్సు కాలమున ఐజ్వాల్ సమీపమందలి దుర్త్‌లాంగ్‌లో వెలసిన ఆసుపత్రిని నేటికిని సంఘమే నడుపుచున్నది. మత్తుపదార్థములకు బానిసలైన వారికై ఒక ఆశ్రమమును కూడ సైనాడు నిర్వహించుచున్నది.

సేవ అనగా సొమ్మొకటే కాదని వేరుగ చెప్పనక్కరలేదు. యువజనులు అడవినుండి కట్టెలు కొట్టి తెచ్చి అమ్మి ఆ ధనము సంఘమున కిచ్చుట ఒక వాడుక. దారులు బాగుచేయుటకును, పేదల ఇండ్లు కట్టుటకును ఊరివారందరు ఒక దినము కలిసి పనిచేయుదురు. దీనిని ‘హ్నత్‌లాంగ్’ అందురు. 1935 జూన్ 15న ఆరంభమై, తరువాత ‘యంగ్ మిజో అసోసియేషన్’గా పేరుగాంచిన యువజన సంఘము ఈ కార్యములలో ముందు నిలుచును. ఇది చర్చికి చెందిన శాఖ కాదు; మిషనరీలును, మిజో పెద్దలును కలిసి నెలకొల్పినది. ఊరిలో ఎవరేని మరణించిరా, ఆ ఇంటివారు దేనికిని పరుగెత్తనక్కరలేదు. యువకులే గోతిని త్రవ్వుదురు. ఆ ఇంట గుమికూడి పాటలు పాడుచు రాత్రులు గడుపుదురు. ధనికుడు, దరిద్రుడు అను భేదము ఇందు లేదు. శవమును మోయుటకు నలుగురు దొరకక తల్లడిల్లిన కుటుంబములను మన పట్టణములలో చూచినవారికి ఈ ఏర్పాటు గొప్పతనమును వర్ణింపనేల?

అయినను ఈ పద్ధతికి హద్దులు కలవు. మిజో కొండలలో ఒక జాతి వెదురు సుమారు 48 ఏండ్ల కొకసారి ఏకముగా పూచి, కాచి, చచ్చును. ఆ కాయలు తిని ఎలుకలు అసంఖ్యాకముగా వృద్ధి చెంది పొలములపై బడును. 1911లోను, 1959లోను ఇట్లు వచ్చిన కరవులు భయంకరమైనవి. 1959 నాటి కరవులో యువకులు బియ్యపు మూటలు మోసుకొని మారుమూల పల్లెలకు చేర్చిరి. కాని గాదెలన్నియు ఒక్కసారి ఖాళీయైనపుడు పిడికిళ్ళు ఎన్ని కలిసినను పాత్ర నిండదు. అట్టి తరుణమున ప్రభుత్వమే ఆదుకొనవలెను. ఆనాటి సహాయము చాలలేదను ఆగ్రహమునుండియే ఆ కరవుసేవా సంఘము 1961లో రాజకీయ పక్షముగా మారెను. 1966లో ఆయుధము పట్టెను. 1986లో గాని శాంతి ఒప్పందము కుదరలేదు. ప్రజల స్వచ్ఛంద సేవను చూచి ప్రభుత్వములు తమ బాధ్యతను తగ్గించుకొనరాదని ఈ చరిత్ర తెలుపుచున్నది.

మరి కొన్ని ప్రశ్నలు కూడ కలవు. అందరును ఇచ్చుచోట ఇయ్యనివాని గతి యేమి? వారము వారము పొరుగింటి స్త్రీలే వచ్చి పాత్ర చూచునపుడు, ఇష్టముతో ఇచ్చుట ఎక్కడ ముగియును, సిగ్గుచేత ఇచ్చుట ఎక్కడ మొదలగును? పిల్లలకు చాలని ఇంట తల్లి తీయు పిడికెడు ఎవరి కంచములోనిది? అడిగించుకొనక చేయుటే ధర్మమని చెప్పుకొను సమాజము ఈ ప్రశ్నలను తనకు తానే వేసికొనవలసియున్నది. ఇంకొకటి కలదు. బియ్యము తీయువారు స్త్రీలు, ప్రోగు చేయువారు స్త్రీలు, మోసికొని పోవువారు స్త్రీలు. దానిని ఎట్లు వ్యయింపవలెనో నిర్ణయించు పెద్దల పీఠము మాత్రము బహుకాలము పురుషులదే. సేవలో సమానులైన వారికి నిర్ణయములోను సమాన స్థానము ఉండవలెనని అడుగుట న్యాయమేగాని గర్వము కాదు.

ఇది మనకు అంత కొత్త విషయమా యని ఆలోచించినచో, కాదనియే చెప్పవలెను. పేద విద్యార్థులు వారములు చేసికొని చదువుకొనుట మన పెద్దలెరుగుదురు. సోమవారము ఒక ఇంట, మంగళవారము ఒక ఇంట భోజనము చేయుచు, ఏడిండ్ల అన్నముతో ఒక పిల్లవాడు విద్యావంతుడయ్యెడివాడు. ఏ ఇంటికిని భారము లేదు. ఏ ఒక్కరికిని అతడు బానిస కాలేదు. 1951లో మన పోచంపల్లిలో భూదానమునకు నాంది పలికిన వినోబాజీ, తరువాత ఇంటింట ‘సర్వోదయ పాత్ర’ నుంచి, పసిబిడ్డ చేతితో దినమున కొక పిడికెడు ధాన్యము వేయింపుడని బోధించెను. ఆ పాత్రలు మన ఇండ్లలో ఎంతో కాలము నిలువలేదు. మిజోల పాత్ర నూరేండ్లు దాటి నిలిచినది. ఈ తేడాకు కారణము మంచితనపు హెచ్చుతగ్గులు కావని మాకు తోచుచున్నది.

వారి ఏర్పాటులో నాలుగు అంశములు స్థిరముగా కనబడును. ఇయ్యవలసిన వేళ నిశ్చితము, అది ప్రతిదినము వంటవేళ. ఇయ్యవలసిన కొలత నిశ్చితము, అది పిడికెడు. వచ్చి తీసికొనువారు నిశ్చితులు, వారు ఆ పేటవారే. తీసికొనిన దానికి లెక్క కలదు, అది సంఘము ఎదుట చెప్పవలసినది. మనలో సేవాభిలాష లేనివారు అరుదు. కాని అది వరద వచ్చినపుడు పొంగి, నీరు తీసినపుడు అడుగంటును. వేళయు, కొలతయు, మనిషియు, లెక్కయు ఏర్పరచిన చోట అదే అభిలాష ఏటి పొడవున పారు కాలువ యగును. గ్రంథాలయమునకు గాని, పేద పిల్లల ఫీజులకు గాని, ఒంటరి వృద్ధుల భోజనమునకు గాని ఈ పద్ధతి చెల్లును. దీనికి మతభేదము లేదు, పెద్ద పెట్టుబడి అక్కరలేదు. ఒక పేట, ఒక పాత్ర, లెక్క వ్రాయుట కొక పుస్తకము, వారము తప్పక తలుపు తట్టు ఇద్దరు మనుష్యులు చాలును.